తోకలేని పిట్టకు గూడు కావాలి

“తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది, ఏమిటది?” అని చిన్ననాడు మనలో చాలామందిని ఇంటి పెద్దలు అడిగే ఉంటారు. ఉత్తరమని విప్పి చెప్పగానే మెచ్చుకొనే ఉంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో, ఖత్ అంటే సగం ములాఖాత్ అనే నానుడి వినబడుతుంది. ఒక భాష ఉత్తరం దాటే దూరాన్ని చూసింది. మరొక భాష అది కలిగించే దగ్గరతనాన్ని చూసింది. నేడు ఆ పిట్ట కాగితపు రెక్కలు విడిచి ఇ-మెయిల్ రూపం ధరించింది. ఉద్యోగపు పిలుపు, ఉపకార వేతనపు సమాచారం, పై చదువులకు ప్రవేశపత్రం, పరీక్ష కేంద్రం వివరాలు, అన్నీ దాని ద్వారానే వస్తున్నాయి. అయితే ఇంటర్నెట్ ఉన్న గంటలోనే ఆ పిట్ట మనకు కనబడుతుంది, లేని గంటలో మాయమవుతుంది. వాలడానికి దానికి మన వద్ద గూడు లేదు. ఆ గూటిని గురించి నాలుగు మాటలు విద్యార్థి లోకానికీ, కళాశాల పాలకవర్గానికీ విన్నవించుకోవడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

గత విద్యా సంవత్సరంలో జరిగిన ఒక సంగతితో ప్రారంభిస్తాము. మాతో చదివిన ఒక సోదరికి ఒక శిక్షణ సంస్థ నుండి ఎంపిక ఉత్తరం వచ్చింది. సమ్మతిని మూడు రోజులలోగా ఇ-మెయిల్ ద్వారా తెలియజేయాలని అందులో ఉంది. ఆమెకు సొంత ఫోను లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రిగారి వెంట పనికి పోతుంది. ఆమె కళాశాల కంప్యూటర్ గదిలో కూర్చొని, ఉత్తరాన్ని శ్రద్ధగా ముప్పావుగంట సేపు రాసింది. ఆ మధ్యలో ఎప్పుడో కనెక్షన్ తెగిపోయింది. పంపే మీట నొక్కితే చక్రం తిరుగుతూ ఉండిపోయింది. పేజీని మళ్ళీ తెరిస్తే రాసినదంతా పోయింది. మరునాడు కరెంటు లేదు. ఆ మరునాడు ఇంటర్నెట్ వచ్చేసరికి గడువు దాటింది. ఆమె చదువులో వెనుకబడినది కాదు, సోమరి అంతకంటే కాదు. ఉత్తరం రాయడం ఆమెకు వచ్చు. దానిని దాచుకొనే చోటు మాత్రం ఎవరూ చూపలేదు.

ఇటువంటి సందర్భాలలో మనమందరం ఇంటర్నెట్‌ను నిందించి ఊరుకుంటాము. గాలివానకు తీగ తెగుతుంది, రోడ్డు తవ్వితే కేబులు తెగుతుంది, కరెంటు పోతే కంప్యూటరే ఆగుతుంది, నెలాఖరుకు ఫోనులో డేటా అయిపోతుంది. ఇవన్నీ నిజమే. వీటిని పూర్తిగా తొలగించడం విద్యార్థుల చేతిలోనూ లేదు, కళాశాల చేతిలోనూ లేదు. కాని మన కష్టానికి సగం కారణం ఇంటర్నెట్ లేకపోవడం కాగా, మిగిలిన సగం మనం ఇ-మెయిల్‌ను వాడే పద్ధతి అని మా అభిప్రాయం.

పాత తపాలా పద్ధతిని ఒకసారి తలచుకుందాం. ఉత్తరం రాసేవాడు పోస్టాఫీసు కిటికీ ముందు నిలబడి రాసేవాడు కాదు. ఇంట్లో తీరికగా రాసి, వీధి చివరి ఎర్రడబ్బాలో వేసేవాడు. నియమిత వేళకు మనిషి వచ్చి డబ్బా తెరిచి సంచిలో కట్టుకొని పోయేవాడు. పోస్టాఫీసు మూసి ఉన్నంత మాత్రాన ఉత్తరం రాయడం ఆగలేదు. పోస్టుమాన్ ఒకరోజు రానంత మాత్రాన ట్రంకు పెట్టెలోని పాత ఉత్తరాలు మాయం కాలేదు. నేడు బ్రౌజర్‌లో ఇ-మెయిల్ తెరిచి చదివే విద్యార్థి, ప్రతి ఉత్తరాన్నీ పోస్టాఫీసు కిటికీ ముందు నిలబడి చదువుతున్నాడు, అక్కడే నిలబడి రాస్తున్నాడు. కిటికీ మూసిన క్షణాన చేతిలో చదివే ఉత్తరమూ లేదు, రాసే కాగితమూ లేదు.

ఆశ్చర్యమేమంటే, ఇ-మెయిల్ పుట్టుకలోనే ఈ కష్టానికి మందు ఉంది. 1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు నెట్‌వర్క్ ద్వారా మొదటి సందేశం పంపి, చిరునామాలో నేడు మనమందరం వాడే ‘ఎట్’ గుర్తును ప్రవేశపెట్టాడు. తరువాత బెల్ ప్రయోగశాలల్లో రూపొందిన యూయూసీపీ అనే విధానంలో కంప్యూటర్లు రోజంతా కలిసి ఉండేవి కావు. ఛార్జీలు తక్కువగా ఉండే రాత్రివేళ ఒకటి మరొకదానికి ఫోను చేసి, పోగుపడిన ఉత్తరాలను అప్పగించి, తనకు రావలసినవి తీసుకొని ఫోను పెట్టివేసేది. 1984లో టామ్ జెన్నింగ్స్ ప్రారంభించిన ఫైడోనెట్ కూడా ఈ విధంగానే రాత్రిపూట కొంత సమయాన్ని ఉత్తరాల మార్పిడికి కేటాయించుకొని నడిచింది. మన దేశంలో 1986లో ఎర్నెట్ పథకం మొదలైనప్పుడు విద్యాసంస్థల మధ్య తొలి ఇ-మెయిళ్ళు డయలప్ ఫోను తీగల మీదనే నడిచాయి. సామాన్య ప్రజలకు విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ఇంటర్నెట్ అందినది 1995 ఆగస్టు 15న మాత్రమే.

1982లో నిర్ణయించిన, నేటికీ ఇ-మెయిల్‌ను మోస్తున్న ఎస్ఎంటీపీ నియమావళి కూడా ఈ ఓర్పు మీదనే నిలిచి ఉంది. అవతలి సర్వరు పలకకపోతే ఇవతలి సర్వరు ఉత్తరాన్ని పారవేయదు. దాచి ఉంచి, కొంతసేపు ఆగి, మళ్ళీ ప్రయత్నిస్తుంది. మళ్ళీ ప్రయత్నించడానికి ముందు కనీసం 30 నిమిషాలు ఆగాలనీ, ఆశ వదులుకోవడానికి ముందు సాధారణంగా కనీసం 4, 5 రోజులు ప్రయత్నించాలనీ ఆ నియమాల నేటి రూపం చెబుతుంది. సర్వరుకు సర్వరు మధ్య ఇంతటి ఓర్పు ఉండగా, చిట్టచివరి మజిలీ అయిన విద్యార్థి బల్ల దగ్గర మాత్రం ఆ ఓర్పు మాయమైంది. 1996లో సబీర్ భాటియా, జాక్ స్మిత్‌లు ప్రారంభించిన హాట్‌మెయిల్, 2004లో వచ్చిన జీమెయిల్ ఇ-మెయిల్‌ను బ్రౌజర్‌లోకి తెచ్చాయి. ఏ ఊరిలోని ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా మన ఉత్తరాలు కనబడే సౌకర్యం కలిగింది. అది గొప్ప మేలే, కాదనము. కాని ఆ సౌకర్యానికి వెలగా, నిలకడైన కనెక్షన్ మీద ఆధారపడడం అలవాటయింది.

కనెక్షన్ లేనిచోట కూడా ఉత్తరం నడవగలదని నిరూపించిన ప్రయోగం మన పొరుగు రాష్ట్రంలోనే జరిగింది. 2000 దశాబ్దపు తొలి సంవత్సరాలలో కర్ణాటకలోని దొడ్డబళ్ళాపుర ప్రాంతంలో ‘డాక్‌నెట్’ అనే ఏర్పాటు చేశారు. బస్సుకు ఒక చిన్న వైర్‌లెస్ పరికరం అమర్చారు. బస్సు పల్లె గుండా పోతున్నప్పుడు అక్కడి కంప్యూటరు దాచి ఉంచిన సమాచారాన్ని ఆ పరికరం అందుకొనేది. పట్టణం చేరాక ఇంటర్నెట్‌కు అప్పగించేది. తిరుగు ప్రయాణంలో జవాబులు మోసుకొచ్చేది. ఆ పద్ధతిలోనే కంబోడియాలోని రతనకిరి ప్రావిన్స్‌లో మోటారు సైకిళ్ళు పల్లె బడులకు ఇ-మెయిల్ మోశాయి. మన తాతల నాటి హర్కారా, చేతిలో గజ్జెల బల్లెం లేకుండా, వైర్‌లెస్ పెట్టె పట్టుకొని మళ్ళీ బయలుదేరినట్లయింది. బస్సు వచ్చినప్పుడే ఉత్తరం కదిలే పల్లెలో ఇ-మెయిల్ సాధ్యమైనప్పుడు, రోజుకు రెండు మూడు గంటలైనా ఇంటర్నెట్ ఉండే కళాశాలలో ఎందుకు సాధ్యం కాదు?

సాధ్యమే. అందుకు కొత్త యంత్రాలు కొనవలసిన పనిలేదు. కంప్యూటరులో మెయిల్ క్లయింటు అనే ప్రోగ్రాము ఒకటి ఉంటే చాలు. అటువంటి వాటిలో మొజిల్లా వారి థండర్‌బర్డ్ ఉచితంగా దొరుకుతుంది. 2004 నుండి వాడుకలో ఉంది. జీమెయిల్ వంటి ఖాతాలతోనూ పనిచేస్తుంది. ఇంటర్నెట్ బాగున్న రోజున ఒకసారి ఖాతాను అందులో చేర్చుకోవాలి. ఖాతా అమరికలలో ఉత్తరాలను ఈ కంప్యూటరులోనే ఉంచమని చెప్పాలి. వేల ఉత్తరాలు పేరుకొని ఉన్నవారు ఇటీవలి 30 రోజులవి మాత్రమే చాలునని చెప్పవచ్చు; పాతవి సర్వరులో భద్రంగానే ఉంటాయి. నిర్ణీత పరిమాణం మించిన పెద్ద ఉత్తరాలను ఇప్పుడే దించవద్దని కూడా చెప్పవచ్చు. ఇక ఇంటర్నెట్ వచ్చిన పది నిమిషాలలో కొత్త ఉత్తరాలన్నీ కంప్యూటరులోకి దిగుతాయి. ఆ తరువాత ‘వర్క్ ఆఫ్‌లైన్’ అని నొక్కి, కనెక్షన్ ఉన్నా పోయినా చింత లేకుండా, ఒక్కొక్కటిగా చదివి, ఆలోచించి, జవాబులు రాసుకోవచ్చు. రాసినవన్నీ అవుట్‌బాక్స్ అనే పెట్టెలో చేరి కాచుకొని ఉంటాయి. మళ్ళీ ఇంటర్నెట్ వచ్చినప్పుడు, పంపమంటారా అని ప్రోగ్రామే అడుగుతుంది. అవుననగానే అన్నీ ఒక్కసారి బయలుదేరుతాయి. అవుట్‌బాక్సే మన ఎర్రడబ్బా. కంప్యూటరులోని ఇన్‌బాక్సే మన ట్రంకు పెట్టె.

ఈ పద్ధతికి దోషాలు లేవని మేము అనడం లేదు. దోషాలు చెప్పకుండా గుణాలు మాత్రమే చెప్పేవాడు అమ్మకందారుడు, మిత్రుడు కాదు. మొదటిది, రాసిన ఉత్తరం పంపిన ఉత్తరం కాదు. మా సహాధ్యాయి ఒకరు ఫోనులో దరఖాస్తు పంపానని నిశ్చింతగా ఉన్నారు. డేటా అయిపోయినందున ఆ ఉత్తరం మూడు రోజులు అవుట్‌బాక్సులోనే పడి ఉంది. కాబట్టి అవుట్‌బాక్స్ ఖాళీ అయినదనీ, పంపినవాటి జాబితాలో ఉత్తరం చేరినదనీ కళ్ళారా చూడనిదే కుర్చీ విడిచి లేవరాదు. చిరునామా తప్పయితే ఉత్తరం తిరిగివచ్చే నోటీసు ఆ తరువాత వస్తుంది. దానిని చెత్తగా భావించి తుడిచివేయరాదు. గడువు ఉన్న ఉత్తరాన్ని చివరి రోజుకు అట్టిపెట్టడం, ఆఖరి బస్సును నమ్ముకొని పెళ్ళికి బయలుదేరడం వంటిది.

రెండవది, ఖాతాను చేర్చేటప్పుడు ఐమ్యాప్, పాప్ అని రెండు మార్గాలు ఎదురవుతాయి. ఐమ్యాప్‌లో సర్వరులోనూ మన కంప్యూటరులోనూ ఒకే ప్రతి ప్రతిబింబిస్తుంది. పాప్‌లో అమరికను బట్టి, ఉత్తరం మన కంప్యూటరులోకి దిగిన తరువాత సర్వరు నుండి తొలగిపోవచ్చు. అప్పుడు అది ఆ ఒక్క యంత్రంలోనే మిగులుతుంది. యంత్రం పాడైతే ఉత్తరమూ పోతుంది. కాబట్టి విద్యార్థులు ఐమ్యాప్‌నే ఎంచుకోవాలి.

మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది. కళాశాల కంప్యూటరు ఒకరి సొత్తు కాదు. దానిలో ఉత్తరాలు దాచుకుంటే తరువాత కూర్చున్నవారు చదవగలరు. ఆడపిల్లల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ప్రతి విద్యార్థికీ ఆ యంత్రంలో వేరు పేరు, వేరు పాస్‌వర్డ్ ఉంటేనే అక్కడ ఉత్తరాలు ఉంచాలి. లేదా ప్రోగ్రామునూ ఉత్తరాలనూ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొని వెంట తీసుకొని పోవచ్చు. అయితే పెన్‌డ్రైవ్ పారవేసుకుంటే తాళంచెవి పారవేసుకున్నట్లే. బ్రౌజర్‌లోని జీమెయిల్‌కు కూడా 7, 30 లేదా 90 రోజుల ఉత్తరాలను ఆఫ్‌లైన్‌లో ఉంచుకొనే ఏర్పాటు ఉంది గాని, అది సొంత కంప్యూటరు ఉన్నవారికే తగినది.

ఇక్కడ కళాశాల కార్యాలయానికి కూడా ఒక మాట చెప్పక తప్పదు. మన నోటీసులు చాలావరకు ఫోటోలుగా వస్తున్నాయి. టైపు చేసిన కాగితాన్ని ముద్రించి, సంతకం చేయించి, ఫోనుతో ఫోటో తీసి పంపడం ఆచారమైంది. దీని లెక్క చూద్దాం. యూనికోడ్‌లో తెలుగు లిపి చిహ్నం ఒక్కొక్కటి 3 బైట్లు, ఉర్దూ అక్షరం ఒక్కొక్కటి 2 బైట్లు తీసుకుంటాయి. వెయ్యి చిహ్నాల తెలుగు నోటీసు 3,000 బైట్లకు మించదు. ప్రయాణానికి తగినట్లు మార్చినా 4,000 బైట్లు. అదే నోటీసు ఫోటో 30 లక్షల బైట్లు ఉంటే, ఇ-మెయిల్‌కు జతచేసినప్పుడు మూడింట ఒక వంతు పెరిగి 40 లక్షలవుతుంది. సెకనుకు 50 కిలోబిట్ల బలహీనమైన కనెక్షన్ మీద అక్షరాల నోటీసు ఒక్క సెకనులోపే వస్తుంది. ఫోటోకు దాదాపు 11 నిమిషాలు పడుతుంది. పంపేటప్పుడు పదవ నిమిషంలో కనెక్షన్ తెగితే మళ్ళీ మొదటి నుండి ప్రారంభించాలి. ఒకటికి వేయి రెట్లు బరువు వేసి, పిట్ట ఎగరలేదని దానిని తిట్టడం న్యాయమా?

ఒకప్పుడు దీనికి కారణం ఉండేది. ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ, అను ఫాంట్లలో కూర్చిన తెలుగు ఇతరుల కంప్యూటర్లలో సరిగా కనబడేవి కావు. అందుచేత బొమ్మగా పంపేవారు. యూనికోడ్ వచ్చిన తరువాత ఆ కారణం తొలగింది, అలవాటు మాత్రం మిగిలింది. నస్తాలీఖ్ సొగసు ఫోటోలోనే ఉంటుందని మా ఉర్దూ మిత్రులు అంటారు. ఆ సొగసును మేమూ ప్రేమిస్తాము. గోడ మీద అంటించే ప్రతిలో అది వెలగాలి. కాని గడువు తేదీ విద్యార్థినికి చేరడం సొగసు కంటే ముందు. పైగా అక్షరాలుగా వచ్చిన నోటీసులో వెదికితే తేదీ దొరుకుతుంది. ఫోటోలో కళ్ళు కాయలు కాచేలా చూడవలసిందే.

అందరి చేతిలోనూ ఫోను ఉండగా ఈ పాత పద్ధతి ఎందుకని కొందరు అడగవచ్చు. మా మనవి ఇది: అందరి చేతిలోనూ లేదు. ఉన్నవారిలోనూ ఒక ఫోనును అన్నాచెల్లెళ్ళు పంచుకొనే ఇళ్ళు మన కళాశాలలో ఉన్నాయి. పైగా ఫోను మీద తోచిన నాలుగు ముక్కలు పంపవచ్చు గాని, దరఖాస్తు, ప్రాజెక్టు నివేదిక, ఆచార్యులకు రాసే వినతి తీరికగా కూర్చొని రాయవలసినవి. ఇంటర్నెట్ లేని గంట వృథా గంట కానక్కరలేదు. నిజానికి, మధ్యమధ్య కొత్త సందేశాలు వచ్చి మనసు చెదరగొట్టని ఆ గంటలోనే మంచి ఉత్తరం రాయగలుగుతాము.

దాచుకోవడంలో మరొక విలువ కూడా ఉంది. మీర్జా గాలిబ్ మిత్రులకూ శిష్యులకూ రాసిన ఉత్తరాలు ఉర్దూ వచనానికి కొత్త నడక నేర్పాయని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ‘ఊద్-ఎ-హిందీ’ 1868లో, ‘ఉర్దూ-ఎ-ముఅల్లా’ 1869లో గ్రంథాలుగా వెలువడ్డాయి. అందుకున్నవారు వాటిని పదిలంగా ఉంచుకొన్నందువల్లనే అది సాధ్యమైంది. మన ఉత్తరాలు అంతటివి కాకపోవచ్చు. అయినా మన ప్రవేశపత్రం, మన గురువు ప్రశంస, దూరదేశంలో ఉన్న అన్నయ్య క్షేమవార్త మన పెట్టెలో ఒక ప్రతి ఉండడం మన హక్కు. పాస్‌వర్డ్ మరచిన రోజున, ఖాతా మూతబడిన రోజున దాని విలువ తెలుస్తుంది.

కాబట్టి పాలకవర్గం పెద్దలకు మా విజ్ఞప్తులు మూడు. కంప్యూటర్ గదిలోని యంత్రాలలో కనీసం నాలుగింటిలో మెయిల్ క్లయింటు అమర్చి, సొంత ఫోనూ కంప్యూటరూ లేని విద్యార్థినీ విద్యార్థులకు వేరువేరు పేర్లతో ప్రవేశం కల్పించాలి. ఇంటర్నెట్ నిలకడగా ఉండే ఒక గంటను ఉత్తరాల గంటగా ప్రకటించి, ఆ వేళకు గది తెరిచి ఉంచాలి. కార్యాలయం నోటీసులన్నీ తెలుగు, ఉర్దూ యూనికోడ్ అక్షరాలలో పంపి, సంతకం ఉన్న ప్రతిని గోడకు అంటించాలి. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కొంచెం శ్రద్ధ మాత్రం కావాలి.

సోదర సోదరీమణులకు మా మాట ఒక్కటే. రాయడం ఇంటర్నెట్ లేనప్పుడు నేర్చుకుందాం; పంపడం ఉన్నప్పుడు చేద్దాం; పోయిందో లేదో చూసి మరీ లేద్దాం. ఈ పద్ధతి తెలిసినవారు తెలియనివారికి ఒక సాయంత్రం పక్కన కూర్చొని చూపిద్దాం. గత సంవత్సరం ఆ సోదరికి మనలో ఎవరమైనా పది నిమిషాలు కేటాయించి చూపి ఉంటే, ఆమె రాసిన ఉత్తరం కంప్యూటరులోనే నిలిచి ఉండేది. తిరిగి రాసే పని లేకుండా, ఆ సాయంత్రమే మరెవరి కనెక్షన్ మీదనైనా బయలుదేరి ఉండేది. ఆమెకు దక్కవలసిన చోటు చేజారింది. రాబోయే సంవత్సరం మరొక సోదరికి అలా జరగరాదు.